రత్నవ్వ ఒక్కతే చూసిన వార్తలు

కేబుల్ తీగలు చూసే భూమేష్ స్తంభం ఎక్కుతున్నాడంటే చాలు, మోర్తాడ్‌లో అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతులు ఆగిపోయేవి. కత్తెర పట్టుకున్నామె కత్తెరతోనే, ఒళ్లో చాట పెట్టుకున్నామె చాటతోనే తలెత్తి చూసేది. అందుకే అతను స్తంభం మీద చెయ్యి వెయ్యకముందే వాడంతా వినబడేట్టు అరిచేవాడు.

"రిపేరే అవ్వా, రిపేరే! ఎవలకు ఏం గాలె! మీ బీడీలు మీరు చేస్కోండ్రి!"

"నీ నోట్లె సక్కెర వొయ్య! జర ముందుగాలనే ఒర్రరాదురా, పానం జల్లుమన్నది" అని ఎవరో ఒకామె తిట్టేది. మిగతావాళ్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఎలాంటిదో కొడుకును దుబాయికో మస్కట్‌కో పంపిన తల్లికి తెలుస్తుంది, ఇంకొకరికి చెప్పినా అర్థం కాదు.

సంగతేమిటంటే, అక్కడ ప్రతి వాడలోనూ గల్ఫ్‌కు పోయినవాళ్లున్నారు. పోయినవాళ్లలో అందరూ నడిచి తిరిగిరారు. ఎవడైనా అక్కడ కన్ను మూస్తే కబురు ముందు ఊరి మగవాళ్లకు వస్తుంది, శవమున్న పెట్టె మాత్రం ఎప్పటికో వస్తుంది. కాయితాలని, సంతకాలని వారాలు పడుతుంది. అన్నాళ్లు తల్లి ఏడ్చి ఏడ్చి ప్రాణం మీదికి తెచ్చుకుంటుందని, పెట్టె హైదరాబాద్‌లో దిగేదాకా ఆమెకు చెప్పకూడదని పెద్దమనుషులు ఒక కట్టుబాటు చేసుకున్నారు. చెప్పకుండా దాచడానికి అడ్డం ఒక్కటే, సాయంత్రం ఏడున్నరకు ఆర్మూర్ నుంచి వచ్చే కేబుల్ వార్తలు. అందులో ఫోటోతో సహా వచ్చేస్తుంది. అందుకని భూమేష్‌ను పిలిచి ఆ ఇంటి తీగ తీయించేవారు. ఆ ఇంట్లో టీవీ మూగదయ్యేది. కొన్నాళ్లకు ఆడవాళ్లకూ ఈ గుట్టు తెలిసిపోయింది. ఊరంతటికీ తెలిసిన గుట్టు తమ ఇంటి దాకా వస్తే మాత్రం తెలియనట్టే ఉండేవారు. "పలానామె ఇంటి తీగ తీసిండ్రట" అంటే, ఇక ఆ ఇంటి వైపు చూడలేక అందరూ వేరే దారిన నడిచేవారు.

ఆ వార్తలు చదివేది సువార్త.

ఆమె పెర్కిట్ పిల్ల. తల్లి బీడీలు చుట్టేది, తండ్రి చర్చిలో గంట కొట్టేవాడు. ఇంటర్ దాకా చదువుకుంది, గొంతు మాత్రం దేవుడిచ్చాడు. అడ్తి దుకాణం నారాయణదాస్ సేటు కేబుల్ పెట్టి, ఊరి వార్తలు కూడా వేద్దామనుకున్నప్పుడు, క్రిస్మస్ నాడు చర్చిలో ఆమె బైబిల్ చదవడం విని పిలిపించాడు. మొదట్లో జనం ఊరుకోలేదు. "నొసట బొట్టు లేదు, మెడల గొలుసు లేదు, గీ పిల్ల వార్తలేంది?" అన్నారు. ఏడాది తిరగకుండానే ఆ అన్నవాళ్లే బస్సులో చోటిచ్చి, "మన వార్తల పిల్ల, కూసోనియ్యుండ్రి" అనేవారు.

ఆఫీసు అంటే ఏముంది, సేటు అడ్తి దుకాణం మీది అంతస్తులో రెండు గదులు. లోపలి గది గోడలకు బయటి చప్పుడు రాకుండా పసుపు బస్తాలు విప్పి మేకులతో కొట్టారు. వెనకాల నీలం పరదా. ముందు బల్ల. బల్ల మీదికి కనిపించేంత వరకే మంచి జాకెట్టు, చక్కటి కొంగు, కాళ్లకు రబ్బరు చెప్పులే. పసుపు సీజన్‌లో కింద పసుపు కొమ్ములకు మెరుగుపెట్టే పాలిష్ డ్రమ్ము గడగడా తిరుగుతుంటే, భూమేష్ మెట్ల మీంచి వంగి "వార్తలు!" అని కేకవేసేవాడు. హమాలీలు డ్రమ్ము ఆపి, వాళ్లూ పైకి వచ్చి బయటి గదిలో టీవీ ముందు కూర్చునేవారు. లోపల చదువుతున్న మనిషిని చూడటం వదిలేసి బయట డబ్బాలో చూడటం వాళ్లకు సరదా.

సేటు పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. ఏ సంగతైనా ముగ్గురి నోట వింటేనే చదవాలి. ఒకరు చెప్తే పుకారు, ఇద్దరు చెప్తే కొట్లాట, ముగ్గురు చెప్తే వార్త అనేవాడు. బర్రె తప్పిపోయినా అంతే, మనిషి పోయినా అంతే. సువార్త ఆ మాట తప్పలేదు. మెండోరలో చేపల వల చిక్కి ఎవడో మునిగిపోయాడని ఊరంతా అంటుంటే కూడా, చూసినవాళ్లు ముగ్గురు చెప్పేదాకా ఆగింది. వాడు రాత్రికి అత్తగారింట్లో దొరికాడు.

ఇక మంచి రోజులు ఎప్పుడు వెనక్కి తిరిగాయో చెప్పమంటే చెప్పడం కష్టం. హైదరాబాద్ నుంచి రోజంతా వార్తలు చెప్పే ఛానెళ్లు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చాయి. పెద్దాఫీసర్ల మీటింగుల్లో రంగురంగుల డబ్బాలు తగిలించిన మైకులు వరసగా నిలబడేవి. భూమేష్ ఉత్త మైకు పట్టుకుని పోతే, "లోకల్ కేబులోళ్లు వెన్కకు జరగండ్రి" అనేవారు. ఒకసారి ఒక నాయకుడు, "నీ మైకుకు అంగీ లేదేందిరా?" అన్నాడు. అందరూ నవ్వారు. భూమేష్ కూడా నవ్వాడు గానీ, ఆ పూట టీ కూడా తాగకుండా వచ్చేశాడు. చీరల దుకాణాలవాళ్ల ప్రకటనలు తగ్గాయి. వార్తలు టైపు చేసే అతను రైస్ మిల్లులో గుమస్తాగా పోయాడు. ఆదివారాలు చదివే పంతులమ్మ మానేసింది. మాక్లూర్ నుంచి, మోర్తాడ్ నుంచి కబుర్లు పంపేవాళ్లు ఒక్కొక్కరే ఆగిపోయారు. చివరికి మిగిలింది ఇద్దరే, చదవడానికి సువార్త, మిగతా అన్నిటికీ భూమేష్.

సేటుకు పక్షవాతం వచ్చి మంచం పట్టాక, కొడుకు ప్రణయ్ చేతికి వచ్చింది వ్యవహారం. చెడ్డవాడు కాదు, చదువుకున్నవాడు. హైదరాబాద్‌లో ఒక పెద్ద కేబుల్ కంపెనీకి తీగలన్నీ అమ్మేశాడు. ఆ కంపెనీకి తీగలు కావాలి గానీ వార్తలు అక్కర్లేదు.

ఆ మాఘమాసంలో, పొలాల్లో పసుపు తవ్వకాలు, కల్లాల్లో ఉడకబెట్టడాలు జోరుమీదున్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"ఇయ్యాల్టి నుంచి బులెటిన్ బంద్ మేడం. కంపెనీవాళ్లు లైన్ తీసుకున్నరు. ఆ నంబర్ల రేపో ఎల్లుండో వాళ్లు సినిమా పాటలు ఏస్తరు."

సువార్తకు ముందే తెలుసు. తెలిసినా, చెవిన పడితే వేరు. "ఒక్క మాట సార్" అంది. "ఇయ్యాల ఒక్కపూట చదువుత. రేపటి సంది రావని చెప్పి, దండం పెట్టి లేస్త. ఇన్నేండ్లు చూసిండ్రు. చెప్పకుంట పోతె మంచిగుండదు."

"అదే వద్దంటున్న మేడం. బంద్ అని మనమే చెప్తే జనం పొద్దుగాల్నే తీగలు పీకేసి డిష్షులు పెట్టిచ్చుకుంటరు. చెప్పకుంటే ఏం గాదు. ఒకరోజు చూస్తరు, రెండోరోజు చూస్తరు, ఆనక మర్చిపోతరు."

"మర్చిపోతరా?" అన్నాడు భూమేష్.

"మర్చిపోరా అన్నా? నువ్వే చెప్పు."

భూమేష్ లేచాడు. కిందికి దిగి, డ్రమ్ము తిరుగుతుంటే దాని పక్కన నిలబడ్డాడు. ఆ చప్పుడులో ఏడ్చినా ఎవరికీ వినబడదు.

ఆ సాయంత్రం ఏడున్నరకు సువార్త ఇంట్లో టీవీ పెట్టింది. తన ముఖం రావాల్సిన చోట ఉత్త నీలం రంగు. ఆటో తోలి వచ్చిన మొగుడు దయానంద్ అన్నం ముందు కూర్చుని ఆ నీలం వంక చూస్తూ, "బంద్ జెయ్ ఇగ, కండ్లు గుంజుతున్నయ్" అన్నాడు. ఆమె కట్టేసింది. ఆ నీలం ఎన్ని ఇళ్లల్లో వెలుగుతోందో అప్పటికి ఆమెకు తోచలేదు.

తెల్లవారి, బల్ల సొరుగులో ఉన్న దువ్వెన, రెండు జాకెట్లు తెచ్చుకుందామని ఆఫీసుకు పోయింది. భూమేష్ అప్పటికే వచ్చి వైర్లు చుట్టలు చుడుతున్నాడు. మెట్ల మీద ఎవరో ఒక్కో మెట్టుకూ ఆగుతూ ఎక్కుతున్న చప్పుడు వినబడింది. వచ్చింది ఒక ముసలామె. చేతులు మోచేతుల దాకా పసుపుపచ్చ, పసుపు తవ్వకాల కూలికి పోయే చేతులు. గుమ్మం పట్టుకుని నిలబడి సువార్తను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా బిడ్డా వార్తల పిల్లవు? టీవీల లావుగ అవుపడ్తవు."

"నేనే అవ్వా. కూసో. యాడికెల్లి వచ్చినవ్?"

"మోర్తాడ్‌కెల్లి. రత్నవ్వ అంటరు నన్ను." కూర్చోలేదు ఆమె. "గంగారాం మా పిలగాడు. దుబాయిల ఉన్నడు. ఉన్నడో లేడో నువ్వే చెప్పాలె."

సువార్తకు అర్థం కాలేదు. భూమేష్‌కు అయింది. చేతిలోని వైరు చుట్ట కింద పెట్టి దగ్గరికి వచ్చాడు.

"రాత్రి వార్తల యాళ్లకు నీలం రంగొచ్చింది" అంది రత్నవ్వ. "ముందుగాల పాడైందనుకున్న. వేరే ఛానెల్లన్నీ మంచిగనే వస్తున్నయ్. వార్తలే రాలె. పోయిన శుక్రారం వానికెల్లి ఫోన్ గూడ రాలె. గిప్పుడు చెప్పుండ్రి."

"అవ్వా, అందరి ఇండ్లల్ల గట్లనే వచ్చింది" అన్నాడు భూమేష్.

"నాకెర్క లేదా? లేచి అందరిండ్లల్ల చూసొచ్చిన. మా వాడ మొత్తం వార్తలు ఆపిండ్రు. నా ఒక్కదాని తీగ తీస్తె పక్కింట్ల చూస్తనని, ఎర్కయితదని, వాడ మొత్తం ఆపిండ్రు. నువ్వే గద ఎప్పుడు ఎక్కేటోనివి? రిపేరని ఒర్రుతవ్ గద. రాత్రి ఎందుకు ఒర్రలే?"

భూమేష్ అరవని మాట నిజమే.

"అవ్వా, వార్తలే బంద్ అయినయ్. కంపెనీ అమ్ముడువోయింది. నీ కొడుకుకు ఏం గాలె..." అంటూనే సువార్త నాలుక కరుచుకుంది. భాగ్యవ్వకు అందరూ చెప్పిన మాట కూడా సరిగ్గా అదే.

భాగ్యవ్వది రత్నవ్వ ఎదురిల్లే. ఆమె కొడుకు అక్కడ మేడ మీంచి పడిపోయినప్పుడు తీగ తీసింది భూమేషే, ఫోటో చూపించి వార్త చదివింది సువార్తే. ఊరంతా చూసింది, ఆమె ఒక్కతే చూడలేదు. పెట్టె వచ్చేదాకా ఆమెకు ఎదురుపడ్డ ప్రతివాడూ "ఏం గాలె అవ్వా, మంచిగనే ఉన్నడు" అన్నాడు. దయతోనే అన్నారు. ఆ దయే ఇప్పుడు ఈ గదిలో ఏ మాటా నిలవకుండా చేసింది.

"ఫోన్ చేద్దం అవ్వా" అన్నాడు భూమేష్. రత్నవ్వ కొంగుముడి విప్పి నంబరున్న చీటీ ఇచ్చింది. మోగలేదు. భూమేష్‌తో బడిలో చదివిన మెండోర అతను ఒకడు గంగారాం ఉండే కూలీల క్యాంపులోనే ఉన్నాడు. వాడికి చేస్తే, గంగారాం ఫోన్ సిమెంటు నీళ్లల్లో పడిందని, శుక్రవారం కూడా డ్యూటీ వేశారని, ఇప్పుడు పనిమీద ఉన్నాడని, అన్నాలప్పుడు తనే మాట్లాడిస్తానని చెప్పాడు.

అప్పటిదాకా రత్నవ్వ గుమ్మం దగ్గరే కూలబడి ఉంది. చాయ్ తెప్పిస్తే ముట్టలేదు. "సావు ఇంట్ల నీళ్లు తాగొద్దు" అంది. ఇది ఎవరి చావిల్లని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కింద పాలిష్ డ్రమ్ము తిరుగుతూనే ఉంది.

ఎండ గుమ్మం దాటాక ఫోన్ మోగింది. గంగారామే. భూమేష్ ఫోన్ తీసుకెళ్లి ముసలామె చెవికి ఆనించాడు. ఆమె కళ్లు మూసుకుని విన్నది. అవతల "అవ్వా, నేనే, గంగారాంనే" అనడం సువార్తకు కూడా వినబడుతోంది. రత్నవ్వ ఫోన్ తీసి తిరిగి ఇచ్చేసింది.

"వీడు గాదు."

"గదేందవ్వా! నీ కొడుకు గొంతు ఎర్కవడ్తలేదా?"

"దుమ్ముల గొంతు వోయిందన్నడు. భాగ్యవ్వకు గూడ గిట్లనే ఫోన్ల వేరేటోనితోని మాట్లాడిపిచ్చిండ్రు. జలుబైందన్నడు ఆ పిలగాడు. 'అవ్వా నేనే' అని ఆడు గూడ అన్నడు."

"ఏమన్న అడుగు మరి. ఆయనకొక్కనికే ఎర్కున్నది అడుగు."

"అడగలేదా భాగ్యవ్వ? బర్రె పేరు అడిగింది. చెప్పిండు. ఏండ్లకేండ్లు ఒక్క అర్రల పక్కపక్కకు పండుకునేటోళ్లు కొడుకా. ఒగని ఇంటి సంగతి ఒగనికి తెల్వందేమున్నది? రాత్రుల్లు ముచ్చట వెట్టుకునేదే గవి గద." అంత సేపటికి ఆమె కళ్లల్లో నీళ్లు వచ్చాయి. "బర్రె పేరు చెప్పిండని భాగ్యవ్వ సంబురపడి మా ఇంటికి ఉరికొచ్చింది. నాకు ఎర్కనే. నేను గూడ సంబురపడ్డట్టు చేసిన."

ఆ మాటకు భూమేష్ బయటికి వెళ్లిపోయాడు.

సువార్త ఆమె ముందు నేలమీద కూర్చుంది. "ఎట్ల చెప్తె నమ్ముతవు అవ్వా?"

రత్నవ్వ వెంటనే అంది. దారి పొడుగునా బస్సులో అదే అనుకుంటూ వచ్చినట్టుంది. "టీవీల సదువు. నమ్ముత."

"టీవీల జెప్పేది గూడ నేనే గద. ఇక్కడ జెప్పినా నేనే."

"గిక్కడ నువ్వు మనిషివి. ఏడ్చే ముసల్దాన్ని చూసి అవద్దం చెప్తవు. అందరు చెప్తరు. టీవీల అవద్దం సదువవు. సదివేదానివైతె భాగ్యవ్వ ఇంటి తీగ తీసుడెందుకు? 'మంచిగున్నడు' అని నీతోని సదివిపిచ్చెటోళ్లు గద? నువ్వు సదువవని ఎర్కనే తీగ తీసిండ్రు."

ఇన్నేళ్లలో తన పని గురించి అంత మాట ఎవరూ అనగా సువార్త వినలేదు. సొరుగులోంచి తెచ్చుకున్న జాకెట్లు, దువ్వెన ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. లేచి భూమేష్‌ను కేకేసింది.

"తమ్మీ, ఆ మెండోర పిలగానికి మల్ల జెయ్యి. నేను మాట్లాడుత."

మాట్లాడింది. ముసలామెను ఊరడించే మాటలేవీ కాదు, వార్త కోసం అడిగినట్టే అడిగింది. గంగారాంను చూశావా, ఎప్పుడు చూశావు, నీ పక్కన ఇంకెవరున్నారు, వాళ్లకివ్వు. మెండోర అతను చెప్పాడు. మెట్‌పల్లి మనిషి ఒకడు చెప్పాడు. వంట చేసే మలయాళం అతను వచ్చీరాని హిందీలో, "గంగారాం? ఇప్పుడే రెండోసారి అన్నం అడిగాడు" అని విసుక్కున్నాడు. ముగ్గురయ్యారు. ఆ మూడో విసుగు విన్నాక సువార్తకు ప్రాణం కుదుటపడింది. చచ్చినవాడి గురించి ఎవడూ అట్లా విసుక్కోడు.

భూమేష్ చుట్టిన వైర్లు మళ్లీ విప్పాడు. తీగ ఊళ్లకు పోదు, లోపలి గదిలోని కెమెరా నుంచి బయటి గదిలో హమాలీలు చూసే టీవీ దాకా పోతుంది, అంతే. రత్నవ్వను ఆ టీవీ ముందు స్టూలు మీద కూర్చోబెట్టాడు. సువార్త లోపల తల దువ్వుకుని, కొంగు సరిచేసుకుని బల్ల వెనక కూర్చుంది. భూమేష్ మెట్ల మీంచి వంగి, అలవాటుగా, "వార్తలు!" అని అరిచాడు. కింద డ్రమ్ము ఆగింది. బంద్ అయిందన్నారే అనుకుంటూ ఇద్దరు ముగ్గురు హమాలీలు పైకి వచ్చారు.

"నమస్కారం. ఆర్మూర్ కేబుల్ వార్తలు, చదువుతున్నది సువార్త" అంది ఆమె. బయటి గదిలో ముసలామె ఒళ్లు నిటారయింది.

"మోర్తాడ్ గ్రామానికి చెందిన రత్నవ్వ కుమారుడు గంగారాం దుబాయిలో క్షేమంగా ఉన్నారు. ఆయన ఫోను నీటిలో పడి పాడైపోవడంతో శుక్రవారం ఇంటికి మాట్లాడలేకపోయారు. ఈ విషయాన్ని ఆయనతో కలిసి పనిచేస్తున్న ముగ్గురు ధ్రువీకరించారు."

అప్పుడే ప్రణయ్ తాళాల గుత్తితో పైకి వచ్చాడు. కెమెరా దీపం వెలగడం, టీవీ ముందు మనుషులు కూర్చోవడం చూసి, "ఏందిది? ఎవరు ఆన్ చేయమన్న..." అన్నాడు.

"ష్! నోర్ముయ్ పిలగా. వార్తలస్తున్నయ్" అంది రత్నవ్వ, టీవీ మీంచి కళ్లు తీయకుండానే.

హమాలీలు నవ్వాపుకున్నారు. ప్రణయ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

లోపల సువార్త ఒక్క క్షణం ఆగింది. ఒక్క సంగతి చదివి లేచిపోతే అది వార్తలెట్లా అవుతుంది? ముసలామె నమ్ముతుందా? రోజూ వచ్చినట్టే రావాలి అన్నీ. కాయితం లేదు, నోటితోనే చదివింది. అడ్తి దుకాణాలకు పసుపు బాగా వస్తున్నదని, కొమ్ము కంటే మండ దుంప ఈసారి తడిగా ఉందని, కల్లాల్లో ఇంకో ఎండ తగలనివ్వమని చెప్పింది. మామిడిపల్లి దగ్గర ఎర్ర కోడె దూడ తప్పిపోయిందని, పెర్కిట్‌లో చర్చి గంట పగిలిందని చెప్పింది. తరువాత చేతులు బల్ల మీద పెట్టింది.

"మరొక వార్త. ఆర్మూర్ కేబుల్ వార్తలు నిన్నటి నుంచి నిలిచిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరి ఇంటి తీగా తీయలేదు. మేమే వెళ్లిపోతున్నాం. ముందుగా చెప్పనందుకు..." రెండు చేతులూ జోడించింది. "చెప్పనందుకు మన్నించగలరు. నమస్కారం."

భూమేష్ కెమెరా ఆపాడు. బయట టీవీ నీలమయింది.

రత్నవ్వ స్టూలు మీంచి లేచి, టీవీ దగ్గరికి పోయి, అద్దం మీద అరచెయ్యి పెట్టింది, పిల్లవాడి నెత్తి మీద పెట్టినట్టు. "బతికిండు నా కొడుకు" అంది. అప్పుడు ఏడ్చింది, ఇన్ని గంటలూ ఆపుకున్నదంతా. హమాలీలలో ఒకడు చల్లారిన చాయ్ పారబోసి వేడిది తెచ్చిస్తే ఊదుకుంటూ తాగింది.

పోయేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, "మల్ల రేపు?" అంది.

"రేపు లేదవ్వా. చెప్పిన గద."

"నాకు జెప్పినవ్. మరి మా వాడల మిగిలినోళ్లకు?"

సువార్త ప్రణయ్ వైపు చూసింది. అతను జేబురుమాలు తీసి టీవీ అద్దం మీది పసుపు చెయ్యి ముద్రను తుడవబోయాడు. ఎందుకో మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ తరువాత ఎవరి బతుకు వారిది. ఆ నంబరులో సినిమా పాటలు వచ్చాయి. సువార్త ఒక ప్రైవేటు బడికి పోతే డిగ్రీ అడిగారు. చీరల దుకాణంవాళ్లు ఆమె గొంతు తెలిసి పిలిచారు. పండుగ రోజుల్లో దుకాణం ముందు మైకు పట్టుకుని, "రండమ్మా రండి, ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని అరవాలి. దారిన పోయే ముసలివాళ్లు ఆ గొంతు విని ఆగేవారు, ఏం వార్తో అని. చీరలని తెలిసి, ఆమె ముఖం చూసి, తామే సిగ్గుపడ్డట్టు వెళ్లిపోయేవారు. ఆమె ఆ పని మానేసి, తల్లి చేసిన పనికే వచ్చింది. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టింది.

భూమేష్ పెద్ద ఛానెల్ ఒకదాని దగ్గరికి పోయాడు. మైకుకు రంగు డబ్బా ఇస్తాం గానీ జీతం ఇవ్వం, నీ పొట్ట నువ్వే పోసుకో అన్నారు. పెళ్లిళ్లకు వీడియోలు తీశాడు. అదీ ఎన్నాళ్లో సాగలేదు. ఒకరోజు పాస్‌పోర్టు పట్టుకుని సువార్త ఇంటికి వచ్చాడు.

"నువ్వు గూడనా తమ్మీ?" అంది ఆమె.

"ఏం జెయ్యాలక్కా. ఇన్నేండ్లు స్తంభాలెక్కిన. గక్కడ మేడలు ఎక్కుమంటున్నరు. ఎక్కుడు ఎట్లయిన వచ్చు నాకు." నవ్వాడు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకున్నాడు. "నాకేమన్న అయితె మా అవ్వ ఇంటి తీగ తీసే పని గూడ ఎవలకు లేదిప్పుడు. ఏ ఛానెల్ల వస్తది నా పేరు?"

"నోర్ముయ్. ఎల్లేటప్పుడు గీ మాటలేంది?"

"ఒక్కటే అక్కా. అవ్వకు నువ్వే చెప్పాలె, ఏదైనా సరే. ఒకని గొంతుతోని మాట్లాడిపియ్యకుండ్రి. ఆ తీగలన్ని తీసింది నేనే. నాకు వద్దు గది."

అతని తల్లి లసుమవ్వ పెర్కిట్‌లోనే, రెండు వాడల అవతల ఉంటుంది. కొడుకు అక్కడికి పోయాక, ప్రతి శుక్రవారం దీపాలు పెట్టే వేళకు సువార్త ఇంటికి వచ్చి, గడప అవతల చెప్పులు విడిచి, ఎదురుగా కూర్చునేది. ఆ పగలే సువార్త భూమేష్‌తో ఫోన్‌లో మాట్లాడి ఉండేది.

"మంచిగున్నడవ్వా" అంటే ఊరుకునేది కాదు ఆమె. "గట్ల గాదు. వార్తల లెక్క జెప్పు."

సువార్త చాట పక్కన పెట్టి, తంబాకు చేతులు కొంగుకు తుడుచుకుని, నిటారుగా కూర్చుని చదివేది. "పెర్కిట్‌కు చెందిన లసుమవ్వ కుమారుడు భూమేష్ క్షేమంగా ఉన్నారు. వారం రోజులుగా అక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి. కూరలో ఉప్పు తక్కువవుతోందని ఆయన తెలిపారు." దయానంద్ మంచం మీంచి, "గా ఉప్పు ముచ్చట పోయినవారం గూడ ఇన్నం" అనేవాడు. లసుమవ్వ చెయ్యి ఊపి అతన్ని ఆపేది. విని, తృప్తిగా లేచిపోయేది.

వానలు పడ్డ ఒక శుక్రవారం భూమేష్ ఫోన్ ఎత్తలేదు. సువార్త పొద్దంతా చేస్తూనే ఉంది. అతని గదిలో ఉండే ఒకడు, డ్యూటీలో ఉన్నాడక్కా అన్నాడు. ఇంకొకడు, క్యాంపు మారాడనుకుంటా, నాకు తెలియదు అన్నాడు. మూడోవాడు సువార్త అని తెలియగానే గొంతు తగ్గించాడు. తరువాత, మళ్లీ చేస్తానక్కా అని పెట్టేశాడు. మళ్లీ చెయ్యలేదు.

దీపాలు పెట్టే వేళకు లసుమవ్వ వచ్చింది. గొడుగు మూసి గోడకు ఆనించి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. మంచం మీంచి దయానంద్, మంచిగున్నడని చెప్పేయ్ అన్నట్టు పెళ్లాం వైపు తల ఊపాడు. చెప్పడం ఎంత పని. ఒక్క మాట. ముసలామె నిద్రపోతుంది.

సువార్త చాట పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. కొంగు సరిచేసుకుంది.

"పెర్కిట్‌కు చెందిన లసుమవ్వ కుమారుడు భూమేష్ గురించి ఈ రోజు సమాచారం ఏదీ అందలేదు. ముగ్గురిని అడిగాం. ముగ్గురూ ఒకే మాట చెప్పలేదు. తెలియగానే తెలియజేస్తాం."

బయట చూరు నీళ్లు కారుతున్నాయి. లసుమవ్వ చాలాసేపు ఆమె ముఖంలోకే చూసింది, అందులో ఇంకేదైనా వస్తుందేమో అన్నట్టు.

"గంతేనా బిడ్డా?"

"గంతే అవ్వా."

ఆమె లేవలేదు. గొడుగు తీసుకోలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మల్లొకసారి సదువు" అంది.

సువార్త మళ్లీ నిటారుగా కూర్చుంది.